ఆటకంట్రోలరుతో బొమ్మబండిని నడుపు విధము

దూరమున నున్న వస్తువును ముట్టకయే కదల్పవలెనను కోరిక మనుష్యునకు క్రొత్తది కాదు. పూర్వకథలలో మాంత్రికుడు దండము త్రిప్పి చేసిన పనిని నేడు ఎనిమిదేండ్ల బాలుడు బజారున కొన్న బొమ్మకారుతో చేయుచున్నాడు. ఈ విద్యకు ఆదిని చూడగోరినచో 1898వ సంవత్సరమునకు పోవలెను. ఆ యేట నికొలా టెస్లా యను విద్యుచ్ఛాస్త్రజ్ఞుడు న్యూయార్కు నగరమునందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నీటితొట్టియందు చిన్న పడవను విడిచి, తీగ యేదియు లేకుండ రేడియో తరంగములచేతనే దానిని నడిపి జనులకు చూపెను. ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీన ఆయనకు ఆ యుపాయముపై పేటెంటు లభించెను. నేటి బొమ్మకారు, బొమ్మపడవ, బొమ్మట్రాక్టరు అన్నియు ఆ పడవ సంతతివే.

మా విద్యార్థుల యిండ్లలో తఱచుగా ఒక విచిత్రమైన స్థితి కనబడుచుండును. బొమ్మకారు బాగుగనే యుండును గాని దాని రిమోటు పోయియుండును, లేక విఱిగియుండును. అదే యింటి అటకమీద, టెలివిజనునకు తగిలించి ఆడిన పాత వీడియో గేమ్ యంత్రము చెడి పడియుండును గాని దాని కంట్రోలరు మాత్రము చెక్కుచెదరక యుండును. బండి యున్నది, చెప్పువారు లేరు. కంట్రోలరున్నది, వినువారు లేరు. ఈ రెంటిని కలుపవచ్చునా యని మా విద్యార్థులు కొందఱు అడిగిరి. కలుపవచ్చునని చెప్పి యూరకుండుట చాలదు గనుక ఆ విధమును ఈ వ్యాసమున వివరింపబూనితిమి. కంట్రోలరు పట్టుకొన్న పిల్లవానిని చూచి కాలము వ్యర్థమగుచున్నదే యని చింతించు తల్లిదండ్రులును దీనిని చదువవలెనని మా కోరిక. ఆ చిన్న పెట్టెలో భౌతికశాస్త్ర పాఠములు పెక్కులు దాగియున్నవి.

దుబాసి యేల?

కంట్రోలరు భాష వేఱు. బండి భాష వేఱు. కంట్రోలరునకు తెలిసినది ఒక్కటే: ఏ మీట నొక్కబడినది, ఏది నొక్కబడలేదు. బండిలోని మోటారునకు మీట యను మాటయే తెలియదు. విద్యుత్తు ఏ వైపునుండి వచ్చుచున్నది, ఎంత వచ్చుచున్నది యనునదే దానికి తెలియును. కావున కంట్రోలరు తీగలను తెచ్చి మోటారునకు తగిలించినంత మాత్రమున బండి నడువదు. రెండు భాషలవారి నడుమ దుబాసి యుండవలెను గదా! ఇచట ఆ దుబాసి పని చేయునది మైక్రోకంట్రోలరు అను అతిస్వల్పమైన గణకయంత్రము. ఇటలీ దేశమందలి ఇవ్రేయా పట్టణమున 2005వ సంవత్సరమున విద్యార్థుల యుపయోగమునకై ఆరంభింపబడిన ఆర్డుయినో పలకమీద ఇట్టిది యొకటి యుండును. ఆర్డుయినో యూనో అను పలకలోని గణకము సెకనునకు 1 కోటి 60 లక్షల గడియారపు తట్లతో పనిచేయును. పాత బొమ్మకారునుండి మనకు కావలసినవి చక్రములు, మోటారులు, బ్యాటరీ పెట్టె మాత్రమే. దానిలోని పాత రేడియో పలకను విప్పి తీసివేయవలెను.

మంచి దుబాసికి మూడు ధర్మములు గలవు. మొదటిది, చెప్పినదానిని సరిగా వినుట. రెండవది, విన్నదానిని అవతలివానికి అర్థమగునట్లు చెప్పుట. మూడవది, ఏమియు వినబడనప్పుడు తనంతట తాను కల్పించి చెప్పకుండుట. మొదటి రెంటిని నేర్చినవాని బండి నడచును. మూడవదానిని గూడ నేర్చినవాని బండియే నమ్మదగినది.

వినుట

ఉదాహరణమునకు మన దేశమున మిక్కిలి పరిచితమైన కంట్రోలరునే తీసికొందము. జపానులోని నింటెండో సంస్థ 1983వ సంవత్సరమున ఫ్యామికామ్ అను ఆటయంత్రమును వెలువరించెను. 1990వ సంవత్సరము తరువాత దాని యనుకరణలు మన బజారులలో విరివిగా అమ్ముడుపోయినవి. క్యాసెట్టు పెట్టి ఆడిన ఆ యంత్రములను ఈనాటి తల్లిదండ్రులలో ననేకులు ఎఱుగుదురు. ఆ కంట్రోలరుమీద ఎడమప్రక్క సిలువ యాకారము గల మీట యొకటి యుండును. దీనిని గున్పెయి యోకొయి అను నింటెండో ఉద్యోగి కల్పింపగా 1982వ సంవత్సరమున చేతిలో పట్టుకొని ఆడు చిన్న ఆటయంత్రమునందు మొదట వాడిరి.

ఈ కంట్రోలరుమీద మీటలు 8. ఏ, బి, సెలెక్టు, స్టార్టు అనునవి నాలుగు. సిలువ కొనలయందలి పై, క్రింద, ఎడమ, కుడి అనునవి నాలుగు. మూతను విప్పి చూచినచో ప్రతి మీట క్రిందను ఒక రబ్బరు బుడిపెయు, దాని యడుగున బొగ్గుపొడి కలిసిన నల్లని బిళ్లయు కనబడును. మీటను నొక్కగా ఆ బిళ్ల పలకమీది రెండు గీతలను కలిపి విద్యుత్తునకు దారి యిచ్చును. వ్రేలు తీయగా దారి తెగును. పాత మీటలు పలుకనప్పుడు తఱచుగా దోషము మఱేమియు కాదు, బిళ్లకును గీతలకును నడుమ చేరిన దుమ్మే. శుభ్రమైన గుడ్డను స్పిరిటుతో తడిపి తుడిచినచో చాలవఱకు బాగుపడును. మీట యనగా నింతే: రెండు తీగలు కలియుట, రెండు తీగలు విడిపోవుట. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని గలదు.

ఇప్పుడొక చిక్కు. మీటలు 8 ఉండగా పనిచేయు తీగలు 5 మాత్రమే. వానిలో ఒకటి 5 వోల్టుల విద్యుత్తును తెచ్చునది. ఒకటి దానిని తిరిగి కొనిపోవు నేలతీగ. మిగిలిన మూటిలో కంట్రోలరు మాటలాడు తీగ యొక్కటియే. ఒక్క తీగమీద ఎనిమిది మీటల సంగతి యెట్లు తెలియును?

ఇది మన తరగతిగదిలో ప్రతిదినము జరుగు హాజరు వంటిదే. పిల్లలందఱు ఒక్కసారి కేకవేసినచో ఉపాధ్యాయునకు ఎవరి మాటయు తెలియదు. కావున ఆయన ముందుగా అందఱిని ఎక్కడివారి నక్కడ కూర్చుండబెట్టి, పిమ్మట పట్టీ ప్రకారము ఒక్కొక్క పేరు పిలుచును. కంట్రోలరులోని 4021 అను చిన్న బిళ్ల యీ క్రమమునే పాటించును. ఇట్టి బిళ్లను షిఫ్టు రిజిస్టరందురు. దుబాసి మొదట 'లాచి' అను తీగమీద ఒక తట్టు తట్టును. అప్పుడు 8 మీటల స్థితి యెట్లున్నదో అట్లే బిళ్లలో నిలిచిపోయి, మొదటిదగు 'ఏ' మీట సంగతి మాటతీగమీద కనబడును. తరువాత 'క్లాకు' అను తీగమీద తట్టిన కొలదిని బి, సెలెక్టు, స్టార్టు, పై, క్రింద, ఎడమ, కుడి అను వరుసలో తక్కినవాని సంగతి ఒకదాని వెనుక నొకటి వెలువడును. నొక్కని మీటకు 5 వోల్టులు. నొక్కిన మీటకు సున్న. నొక్కినప్పుడు సున్న యేల యనగా, మీటను నొక్కుట యనునది ఆ మీట గీతను నేలతీగతో కలుపుటయే గనుక. ఆటయంత్రము తట్టు తట్టు ఒక్కొక్కటి కొన్ని మైక్రోసెకనులు మాత్రమే. అనగా సెకనును పదిలక్షల పాళ్లు చేసి అందు కొన్ని పాళ్లు. ఈ హాజరును అది సెకనునకు 60 మారులు తీసికొనును.

అవును, కాదు అను రెండింటిలో ఒకదానిని మాత్రము తెలుపు సమాచారమును బిట్టు అందురు. 8 బిట్టులు కలిసినచో ఒక బైటు. ఎనిమిది మీటల సంగతి యంతయు ఒక్క బైటులో ఇమిడిపోయినది. 2ను 8 మారులు వేసి గుణించినచో 256 వచ్చును. కనుక ఒక బైటులో 256 వేఱువేఱు మాటలు చెప్పవచ్చును. బొమ్మబండిని నడుపుటకు ఇది కావలసినదానికంటె ఎక్కువయే.

ఒక హెచ్చరిక: అనుకరణ కంట్రోలరులలో తీగల రంగులను నమ్మరాదు. ఒకదానిలో ఎఱ్ఱతీగ విద్యుత్తును తెచ్చునదైనచో మఱియొకదానిలో అది మాటతీగ కావచ్చును. కొన్నిటిలో 4021 బిళ్లకు మారుగా నల్లని మైనపుబొట్టు వంటిది కనబడును గాని దాని మాటతీరు మాత్రము పైని చెప్పినదే. మూతను విప్పి, ఏ తీగ యెక్కడికి పోవుచున్నదో మల్టీమీటరుతో పరీక్షించి, కాగితముమీద వ్రాసికొనిన పిమ్మటనే కలుపవలెను.

'కొంచెము' అని చెప్పగల కడ్డీ

మీట 'అవును' అనును, 'కాదు' అనును, 'కొంచెము' అనలేదు. ఈ కొఱతను తీర్చినది బొటనవ్రేలితో వంచు చిన్న కడ్డీ. 1996వ సంవత్సరమున నింటెండో 64 యంత్రమునకు ఒక కడ్డీయు, 1997వ సంవత్సరమున ప్లేస్టేషను యంత్రపు డ్యుయల్ షాక్ కంట్రోలరునకు రెండు కడ్డీలును అమర్పబడెను. డ్యుయల్ షాక్ వంటివానిలో ప్రతి కడ్డీ క్రిందను రెండు పొటెన్షియోమీటరులుండును; ఒకటి ప్రక్కల వంపును, రెండవది ముందు వెనుకల వంపును కొలుచును. పాత రేడియోలో శబ్దమును హెచ్చుతగ్గులు చేయు మర యిట్టిదే. దాని ఒక కొనకు 5 వోల్టులును, రెండవ కొనకు నేలతీగయు కలిపినచో, కడ్డీ వంగినకొలది నడిమి తీగమీది వోల్టులు మారుచుండును. ఆర్డుయినో యూనో ఈ వోల్టులను 0 మొదలు 1023 వఱకు గల అంకెగా మార్చి చదువును. కడ్డీ నిటారుగా నున్నప్పుడు సుమారు 512 వచ్చును.

సుమారు అనుటకు కారణము గలదు. ఏ కడ్డీయు సరిగా నడుమ నిలువదు. అరిగినకొలది మఱింత ప్రక్కకు జరుగును. కావున 480కిని 544కును నడుమ నున్న అంకెల నన్నిటిని 'కదలవద్దు' అను ఒక్క యర్థముననే గ్రహింపవలెను. అట్లు చేయనిచో ఎవరును ముట్టకుండనే బండి నత్తవలె ప్రాకుచుండును.

ముందుచక్రములను త్రిప్పుటకు సర్వో మోటారును వాడినచో ఈ అంకె బాగుగ పనికివచ్చును. సర్వో మోటారు సాధారణముగా సెకనునకు 50 మారులు చిన్న విద్యుత్తు తట్టును కోరును. ఆ తట్టు నిడివి 1000 మైక్రోసెకనులైన ఒక ప్రక్కకు, 2000 అయిన రెండవ ప్రక్కకు, 1500 అయిన నడిమికి తిరుగును. ఇక మిగిలినది త్రైరాశికమే. 1023 అంకెలకు 1000 మైక్రోసెకనుల తేడా యైనచో 256 అంకెలకెంత? 250 వచ్చును, దానికి మొదటి 1000 కలుపగా 1250. అనగా కడ్డీని సగము ప్రక్కకు వంచినచో చక్రమును సగమే తిరుగును. ఎనిమిదవ తరగతి విద్యార్థి ఈ లెక్కను నోటితో చేయగలడు.

చెప్పుట

మరల మన ఎనిమిది మీటల కంట్రోలరునకు వత్తము. దుబాసి విన్నది, ఇక మోటారునకు చెప్పవలెను. ఆర్డుయినో తన కొనలనుండి సుమారు 20 మిల్లీ యాంపియరుల విద్యుత్తును మాత్రమే క్షేమముగ నీయగలదు. బొమ్మమోటారు బరువు లాగునప్పుడు దానికి కొన్ని వందల మిల్లీ యాంపియరులు కావలెను. నేరుగా తగిలించినచో పలక చెడిపోవును. కాలువ తూమువద్ద తలుపు నెత్తువాడు నీటిని తన భుజములమీద మోయడు గదా. తలుపు నెత్తును, నీరు తన బలముతో తాను పోవును. అట్టి తలుపులు గల బిళ్ల యొకటి మనకు కావలెను. ఎల్293డి అను బిళ్ల రెండు మోటారులకు ఒక్కొక్క దానికి 600 మిల్లీ యాంపియరుల వఱకు నీయగలదు. అంతకు పెద్ద మోటారులైనచో ఎల్298 అను బిళ్లను వాడుదురు.

మోటారు చుట్టును ఇట్టి తలుపులు నాలుగుండును. ఒక మూలనుండి ఎదుటిమూలకు నున్న రెండు తలుపులు తెఱచినచో విద్యుత్తు మోటారు గుండా ఒక దిక్కునకు ప్రవహించి చక్రము ముందునకు తిరుగును. వానిని మూసి తక్కిన రెండింటిని తెఱచినచో విద్యుత్తు ఎదురుదిక్కున ప్రవహించి చక్రము వెనుకకు తిరుగును. ఈ యమరిక ఆంగ్లములోని హెచ్ అక్షరమును బోలియుండుటచే హెచ్ బ్రిడ్జి యని పేరు వచ్చినది.

ఎడమచక్రమునకు ఒక మోటారు, కుడిచక్రమునకు ఒక మోటారు ఉన్నచో బండిని త్రిప్పుటకు వేఱే యంత్రము అక్కఱలేదు. 'పై' మీటకు రెండు చక్రములు ముందునకు. 'క్రింద' మీటకు రెండును వెనుకకు. 'ఎడమ' మీటకు కుడిచక్రము మాత్రము ముందునకు. 'కుడి' మీటకు ఎడమచక్రము మాత్రము ముందునకు. పొలము దున్నువాడు మడిమూలను నాగలిని త్రిప్పునప్పుడు లోపలి యెద్దును ఆపి వెలుపలి యెద్దును నడిపించుట విద్యార్థులు చూచియుందురు, ఇదియు నట్టిదే. 'ఏ' మీటను వేగమునకును, 'స్టార్టు' మీటను దీపమునకును ఉంచవచ్చును. వేగమును తగ్గించుటకు విద్యుత్తును సన్నగిలజేయ నక్కఱలేదు. దానిని సెకనునకు కొన్ని వందలమారులు ఇచ్చుచు ఆపుచు నుండవలెను. ఇచ్చిన కాలమును ఆపిన కాలమును సమానమైనచో మోటారునకు సగము బలమే అందును.

మోటారులకు వేఱు బ్యాటరీ, దుబాసికి వేఱు బ్యాటరీ యుంచుట మంచిది. రెంటి నేలతీగలను మాత్రము కలుపవలెను. బాలురు లిథియము బ్యాటరీల జోలికి పోక, 1.2 వోల్టుల నికెలు మెటల్ హైడ్రైడు బ్యాటరీలను వరుసగా వాడుట క్షేమము. లిథియము బ్యాటరీని గ్రుచ్చినను, నలిపినను, పెద్దలు లేనప్పుడు ఛార్జి చేసినను నిప్పు పుట్టవచ్చును.

తీగ విడిచి గాలిలో

మొదట మూడు మీటర్ల తీగతోనే కంట్రోలరును బండిని కలిపి నడుపవలెను. తీగతో నడువని బండి తీగ లేకుండ నడువదు. అది చక్కగా నడచిన పిమ్మట రేడియోను చేర్చవచ్చును. అప్పుడు దుబాసులు ఇద్దఱు కావలెను. ఒకడు కంట్రోలరువద్ద వినువాడు, రెండవవాడు బండిమీద చెప్పువాడు. ఇద్దఱికిని ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 అను చిన్న రేడియో పలకలు రెండు చాలును. అవి 2.4 గిగాహెర్ట్జుల వద్ద, అనగా సెకనునకు 240 కోట్ల కంపములతో పనిచేయును. కాంతివేగమును ఈ సంఖ్యచే భాగించినచో తరంగపు పొడవు 12.5 సెంటీమీటర్లని తేలును. ఈ తరంగముల పట్టీని స్వల్పశక్తి గల పరికరముల కొఱకు మన ప్రభుత్వము 2005వ సంవత్సరమున లైసెన్సు అక్కఱలేనిదిగా విడిచినది. ఈ పలకకు 3.3 వోల్టులే యీయవలెను. 5 వోల్టులు తగిలించినచో చెడిపోవును. రెండు పలకలకును ఒకే చిరునామా వ్రాసి యుంచినచో ప్రక్కవాని బండి మన మాట వినదు.

కంట్రోలరువద్ద నున్న దుబాసి సెకనునకు 50 మారులు హాజరు తీసికొని, ఆ యొక్క బైటును గాలిలోనికి పంపుచుండును.

మౌనమునకు అర్థము

ఇక మూడవ ధర్మము. 'పై' మీటను నొక్కియుంచితిమి; బండి పరుగెత్తుచున్నది. ఆ క్షణముననే కంట్రోలరువద్దనున్న బ్యాటరీ అయిపోయెననుకొందము. బండిమీది దుబాసి కడపటి మాటనే పట్టుకొని 'ముందునకు, ముందునకు' అని చెప్పుచుండినచో ఏమగును? బండి గుమ్మము దాటి వీధిలోనికి పోవును. దానివెంట దానిని పట్టుకొనుటకు పిల్లవాడును పోవును. బండి నలిగిన నలుగనిండు, పిల్లవానిమాట తలంచుకొనుడు. చిన్న ప్రోగ్రాములో ఒక్క పంక్తి లేకపోవుటచే నింత రావచ్చును.

కావున బండిమీది దుబాసికి ఈ నియమమును తప్పక నేర్పవలెను. మాట వచ్చిన ప్రతిసారియు కాలమును గుర్తు వేసికొనవలెను. తరువాత పావు సెకను గడచినను మఱియొక మాట రానిచో రెండు మోటారులను ఆపివేయవలెను. సెకనునకు 50 మాటలు వచ్చుచుండగా పావు సెకనులో సుమారు 12 మాటలు రావలసినవి. ఒకటి రెండు తప్పిపోవుట రేడియోలో సహజము; పండ్రెండును తప్పినవనగా సంబంధము తెగినదని యర్థము. సెకనునకు 2 మీటర్లు పోవు బండి ఆ పావు సెకనులో అర మీటరు దూరమే పోవును. మౌనమునకు 'సాగుము' అని కాక 'ఆగుము' అని యర్థము చెప్పుకొనుటయే ఈ నియమము సారము.

వినరాని మాటయు నొకటి గలదు. కంట్రోలరు మాటతీగ తెగి నేలతీగకు తగిలినచో దుబాసికి ఎనిమిదియు సున్నలే వినబడును. అనగా ఎనిమిది మీటలును ఒక్కసారి నొక్కినట్లు. సిలువమీటమీద 'పై'ని 'క్రింద'ను ఒక్కసారి నొక్కుట సాధ్యము కాదు. కావున ఆ రెండును కలిసి వచ్చినచో అది చేయి చెప్పిన మాట కాదని గ్రహించి బండిని ఆపవలెను.

ఈ రెండు నియమములను పరీక్షింపక బండిని నేలమీద పెట్టరాదు. బండిని ఇటుకమీద నెత్తి, చక్రములు గాలిలో తిరుగుచుండగా కంట్రోలరువద్ద బ్యాటరీని తీసివేయుడు. చక్రములు వెంటనే నిలిచిపోయినచో అప్పుడే బండికి నేలమీద నడచు యోగ్యత కలిగినది.

ఇది ఆటవస్తువేనా?

ఇదంతయు పిల్లల యాటయే గదా యని కొందఱు తలంపవచ్చును. 2018వ సంవత్సరము మార్చిలో అమెరికా నౌకాదళమున చేర్పబడిన కొలరాడో అను జలాంతర్గామిలో, నీటిపై భాగమును చూచు దృశ్యస్తంభమును త్రిప్పుటకు ఎక్స్‌బాక్సు ఆటకంట్రోలరునే అమర్చిరి. చిన్ననాటినుండి దానిని పట్టిన యువకులకు క్రొత్తగా నేర్పవలసినది స్వల్పము గనుక అట్లు చేసిరి. 2023వ సంవత్సరము జూను 18వ తేదీన టైటానిక్ ఓడ శిథిలములను చూడబోయిన టైటన్ అను చిన్న జలాంతర్నౌక సముద్రగర్భమున నలిగిపోయి అయిదుగురు మరణించిరి. దానిని కూడ ఆటకంట్రోలరుతోనే నడిపిరని విని లోకమున చాలమంది ఆ కంట్రోలరునే నిందించిరి. కాని 2025వ సంవత్సరము ఆగస్టులో అమెరికా తీరరక్షక దళము ప్రకటించిన నివేదిక, నౌక రూపకల్పనలోను, దానిని పరీక్షించి ధ్రువపఱచుటలోను గల లోపములనే ముఖ్యకారణములుగా చూపెను. పనిముట్టు చౌకదగుట దోషము కాదు. పరీక్షింపక నమ్ముటయే దోషము. ఇటుకమీద బండిని పరీక్షించు బాలుడు నేర్చుచున్న పాఠము ఇదియే.

చేతికి తగిన పనిముట్టు

మీట యనగా రెండు తీగలు కలియుట, విడిపోవుట యని పైని వ్రాసితిమి. ఇప్పుడు దానితో పనిపడినది. ఆటకంట్రోలరులన్నియు రెండు చేతులును, పట్టు గల పది వ్రేళ్లును ఉన్నవారి కొఱకే చేయబడినవి. అట్లు లేనివారు చాలమంది గలరు. 2018వ సంవత్సరమున మైక్రోసాఫ్టు సంస్థ వారికొఱకై ఎక్స్‌బాక్సు అడాప్టివ్ కంట్రోలరు అనుదానిని అమ్మకమునకు తెచ్చెను. దాని వెనుకప్రక్కను వరుసగా రంధ్రములుండును. ఒక్కొక్క రంధ్రము ఒక్కొక్క మీటకు బదులు. దానిలో పెద్ద మీటను, కాలితో త్రొక్కు మీటను, తలతో తాకు మీటను, ఎవరికి అనుకూలమైనది వారు తగిలించుకొందురు. సోనీ సంస్థయు 2023వ సంవత్సరమున ఇట్టి యుద్దేశముతోనే ప్లేస్టేషను కొఱకు మఱియొక కంట్రోలరును వెలువరించెను.

అట్టివి వెల పెట్టి కొనలేని చోట కూడ ఆ తత్త్వము మన యందుబాటులోనే యున్నది. పాత కంట్రోలరు పలకమీద 'పై' మీట క్రింది రెండు గీతలకు రెండు సన్నని తీగలను సోల్డరు చేసి వెలుపలికి తీయుడు. ఆ తీగల కొనలకు రెండు రేకుముక్కలను కలిపి, ఒకదానిని చెక్కమీద నుంచి, రెండవదానిని మెత్తని స్పంజితో ఎడముగా పైన నిలుపుడు. అఱచేయంత మీట సిద్ధమైనది. 4021 బిళ్లకు మీటను నొక్కినది బొటనవ్రేలో, మోచేయో, పాదమో తెలియదు. రెండు తీగలు కలిసినవా లేదా యనునదే దానికి తెలియును. అట్టి మీటలతో 'పై'ని 'క్రింద'ను ఒక్కసారి నొక్కుటయు సాధ్యమే గనుక, బండిని ఆపు పై నియమము ఇచట రెట్టింపు అవసరము.

మా పాఠశాలలో ఆఱవ తరగతి చదువు బాలుడొకడు గలడు. వాని చేతివ్రేళ్లలో పట్టు లేదు. తక్కిన పిల్లలు బండిని నడుపునప్పుడు వాడు వరండా స్తంభమునకు ఆనుకొని చూచెడివాడు. పదవ తరగతివారు ముగ్గురు, ఎవరును చెప్పకుండనే, పలకచెక్కమీద నాలుగు రేకుమీటలను అమర్చి వాని బల్లమీద పెట్టిరి. వాడు పిడికిలితో ఒకదానిని, మోచేతితో ఒకదానిని నొక్కి చూచెను. బండి కదలెను. వరండా చివరి వఱకు పోయి, మూల తిరిగి, మరల వచ్చెను. అందఱును వాడేమనునో యని చూచుచుండగా వాడు మా వైపు తిరిగి, "అయ్యా, వాళ్ల కంట్రోలరులో వేగపు మీట యున్నదే, నాకు పెట్టలేదేమండీ?" అని యడిగెను.

ఆ ప్రశ్న న్యాయమైనది. మఱునాడు అయిదవ మీటను అమర్చిరి. ఇప్పుడు వరండాలో పందెములు జరుగుచున్నవి. వాడు ఎల్లప్పుడును గెలుచుట లేదు, ఎల్లప్పుడును ఓడుటయు లేదు. విద్యార్థులారా, మీ యింటి అటకమీద పాత కంట్రోలరున్నచో పాతసామానులవానికి తూచి యీయకముందు దాని మూతను ఒకమారు విప్పి చూడుడు. దానితో ఏ బండిని నడుపుదమని ఆలోచించుటతో పాటు, అది ఎవరి చేతికి ఇంకను అందలేదో కూడ ఆలోచింపుడు.